ప్రోగ్రాం నడిచేటప్పుడే ఫారం లోడ్ చేసుకోవడం ఎలా?

విండోలో ఒక లేబుల్‌ను కాస్త కుడికి జరపాలి. అంతే పని. దానికోసం కోడ్ తెరిచి, అంకెలు మార్చి, నడిపి చూసి, "అబ్బే, ఇంకాస్త" అనుకుని మళ్లీ మొదలుపెట్టడం డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసేవాళ్లందరికీ అనుభవమే. ఫారాన్ని, అంటే విండోలో ఏది ఎక్కడుండాలో చెప్పే నమూనాను, విడిగా ఒక ఫైల్‌లో పెట్టి, ప్రోగ్రాం మొదలైనప్పుడు ఆ ఫైల్ చదివి విండో కట్టుకునేలా చేస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. ఫారం ఫైల్ సేవ్ చేసి, ప్రోగ్రాం మూసి తెరిస్తే చాలు, మార్పు కనిపిస్తుంది.

పైథాన్, పైక్యూట్6తో చూపిస్తాను. విండోలు కట్టే క్యూట్ లైబ్రరీని పైథాన్‌లో వాడుకునే దారే పైక్యూట్. క్యూట్‌ను ఏ భాషలో వాడినా ఫారం ఫైల్ ఒకటే కాబట్టి, సి ప్లస్ ప్లస్ వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. కోడ్‌లోని పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఎలాగూ ఇంగ్లిష్ అక్షరాలే కదా.

అసలు మీకిది అవసరమా?

ఫారం ఫైల్‌ను వాడుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, దాన్ని ముందే కోడ్‌గా మార్చుకోవడం. సి ప్లస్ ప్లస్‌లో యుఐసి అనే టూల్ ఫారాన్ని హెడర్ ఫైల్‌గా మారుస్తుంది, పైథాన్‌లో పైయుఐసి6 అదే పని చేస్తుంది. రెండోది, మనం చెప్పుకోబోయేది: ఫైల్‌ను అలాగే ఉంచి, నడిచేటప్పుడు చదవడం.

ఫారం ఇంకా రోజుకోసారి మారుతుంటే, లేదా ఫారం గీసేది ఒకరు, కోడ్ రాసేది ఒకరైతే రెండో దారి హాయి. ఒకే ప్రోగ్రాం ఒకరికి ఒక రకం స్క్రీన్, మరొకరికి ఇంకో రకం స్క్రీన్ చూపించాలన్నా ఇదే. ఫారం ఒక కొలిక్కి వచ్చేసి, పని సి ప్లస్ ప్లస్‌లో అయితే మాత్రం నేను మొదటి దారే పడతాను. ఎందుకంటే అక్కడ బటన్ పేరు తప్పు రాస్తే కంపైలర్ వెంటనే పట్టుకుంటుంది. నడిచేటప్పుడు లోడ్ చేస్తే పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఫారానికీ కోడ్‌కూ మధ్య ఉన్న ఒప్పందమల్లా విడ్జెట్ల (బటన్లు, లేబుళ్ల లాంటి భాగాల) పేర్లే. ఆ పేర్ల సంగతి మీరే చూసుకోవాలి. ఈ పద్ధతిలో వచ్చే తలనొప్పుల్లో సగానికి పైగా అక్కడినుంచే వస్తాయి.

ఫారం గీయండి

ఫారం గీయడానికి క్యూట్ డిజైనర్ కావాలి. పైక్యూట్6 ఇన్‌స్టాల్ చేస్తే డిజైనర్ దాంతోపాటు రాదు. క్యూట్‌ను పైథాన్‌లో వాడుకునే మరో దారి పైసైడ్6. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే పైసైడ్6-డిజైనర్ అనే కమాండ్ వస్తుంది. గీయడం దాంట్లో, లోడ్ చేయడం పైక్యూట్‌లో అయినా పేచీ లేదు.

డిజైనర్ తెరవగానే మెయిన్ విండోనా, డైలాగా, ఉత్త విడ్జెట్టా అని అడుగుతుంది. ఏది ఎంచుకున్నారో గుర్తుపెట్టుకోండి, తర్వాత కోడ్‌లో మీ క్లాస్ కూడా దాన్నుంచే పుట్టాలి. ఫారం డైలాగ్ అయి, క్లాస్ మెయిన్ విండో అయితే పై విడ్జెట్ బేస్ క్లాస్ తప్పు అంటూ టైప్‌ఎర్రర్ వస్తుంది. మెసేజ్ కాస్త అడ్డదిడ్డంగా కనిపిస్తుంది గానీ అర్థం ఇంతే.

విడ్జెట్లు పరిచాక ఫారం ఖాళీ చోట క్లిక్ చేసి, మొత్తానికి ఒక లేఅవుట్ (విడ్జెట్లను తనంతట తాను సర్దే అమరిక) పెట్టండి. లోపల గ్రూపులకు లేఅవుట్లు పెట్టి పైదానికి మర్చిపోవడం అందరూ చేసేదే. అప్పుడు విండో పెద్దది చేస్తే బటన్లన్నీ ఎడమ మూల గుమిగూడి ఉండిపోతాయి. డిజైనర్‌లో కంట్రోల్-ఆర్ నొక్కితే ప్రివ్యూ వస్తుంది, దాన్ని లాగి సాగదీసి చూడండి. కోడ్ ఒక్క లైను రాయకముందే ఈ తప్పు బయటపడుతుంది.

సేవ్ చేసిన డాట్ యుఐ ఫైల్‌ను ఒకసారి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. లోపల ఉన్నది ఎక్స్‌ఎంఎల్. ఒక్కో విడ్జెట్‌కూ దాని క్లాస్, దాని పేరు, దాని ప్రాపర్టీలు. మాయామంత్రం ఏమీ లేదు. ఒకసారి కళ్లారా చూస్తే ఫారం అంటే ఉన్న భయం పోతుంది. పైగా రెండు వెర్షన్ల మధ్య ఏం మారిందో గిట్‌లో పోల్చి చూసుకోవచ్చు కూడా.

పేర్లు పెట్టండి, ఇక్కడ కాస్త ఆగండి

డిజైనర్ తనంతట తాను పుష్‌బటన్, పుష్‌బటన్ అండర్‌స్కోర్ 2, పుష్‌బటన్ అండర్‌స్కోర్ 3 అని పేర్లు పెడుతుంది. కోడ్ ముట్టుకునే ప్రతి విడ్జెట్‌కూ ఆబ్జెక్ట్‌నేమ్ దగ్గర మీ పేరు పెట్టండి: సేవ్‌బటన్, నేమ్‌ఎడిట్, స్టేటస్‌లేబుల్. కోడ్ ముట్టుకోని లేబుళ్లను వదిలేయండి, వాటికీ పేర్లు పెడుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.

పెట్టకూడని పేర్లు కొన్నున్నాయి. పైక్యూట్ ఫారం లోడ్ చేసినప్పుడు ప్రతి విడ్జెట్‌నూ దాని పేరుతోనే మీ విండో ఆబ్జెక్ట్‌కు తగిలిస్తుంది. అందుకే కోడ్‌లో సెల్ఫ్ డాట్ సేవ్‌బటన్ అని నేరుగా రాయగలుగుతున్నాం. సౌకర్యమే, కానీ ఒక బటన్‌కు క్లోజ్ అని పేరు పెట్టారనుకోండి. విండోకు ముందే ఉన్న క్లోజ్ మెథడ్ ఆ బటన్ వెనక దాక్కుపోతుంది. ఎక్కడో విండో మూయడానికి సెల్ఫ్ డాట్ క్లోజ్ అని పిలిస్తే, "క్యూపుష్‌బటన్‌ను పిలవడం కుదరదు" అన్న అర్థంలో ఎర్రర్ వస్తుంది. విడ్త్, సైజ్, షో, లేఅవుట్, ఫాంట్ ఇవన్నీ ఇదే బాపతు. పేరు చివర బటన్, ఎడిట్, లేబుల్ అని తగిలించే అలవాటు చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇంకొకటి, నేను సొంతంగా దెబ్బతిని నేర్చుకున్నది. ఒక ఫారంలో సేవ్‌బటన్‌ను కాపీ చేసి పక్క గ్రూపులో పేస్ట్ చేశాను. రూపం అక్కడే బాగుందనిపించి పాతదాన్ని తీసేశాను. కంటికి అంతా సరిగ్గానే ఉంది, బటన్ మీద సేవ్ అనే ఉంది. కానీ పేస్ట్ చేసినప్పుడే డిజైనర్ దాని పేరును సేవ్‌బటన్ అండర్‌స్కోర్ 2గా మార్చేసింది. కోడ్‌లో ఉన్న పేరుకు ఫారంలో మనిషే లేడు. ఆ స్క్రీన్ ఎప్పుడో గానీ తెరవనిది కావడంతో తప్పు బయటపడింది వాడేవాళ్ల చేతిలో, నా చేతిలో కాదు.

లోడ్ చేయండి

కోడ్ నిజానికి చిన్నదే. ప్రాజెక్టులో ఫార్మ్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, డాట్ యుఐ ఫైళ్లన్నీ అందులో ఉంచండి. క్యూమెయిన్‌విండో నుంచి మీ క్లాస్ రాయండి. దాని ఇనిట్ మెథడ్‌లో మొదటి లైను సూపర్‌ను పిలవడం. రెండో లైను పైక్యూట్6లోని యుఐసి మాడ్యూల్ నుంచి లోడ్‌యుఐని పిలవడం. దానికి రెండు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి: ఫైల్ దారి, తర్వాత సెల్ఫ్. సూపర్‌ను మర్చిపోయినా, లోడ్‌యుఐ తర్వాత పిలిచినా రన్‌టైమ్‌ఎర్రర్ పడుతుంది. సెల్ఫ్ ఇవ్వడం మర్చిపోతే మాత్రం ఆ లైను దగ్గర ఎర్రరేమీ రాదు. లోడ్‌యుఐ వేరే కొత్త విండో కట్టి మీకు తిరిగిస్తుంది, దాన్ని మీరు పట్టుకోకపోవడం వల్ల అది పోతుంది. తెర మీద ఖాళీ విండో ఒకటి మీ మొహం చూస్తూ ఉంటుంది. ఖాళీ విండో కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

ఫైల్ దారి దగ్గర జాగ్రత్త. ఉత్తగా ఫార్మ్స్ స్లాష్ మెయిన్ డాట్ యుఐ అని రాస్తే, ప్రోగ్రాం ఆ ఫైల్‌ను మీ పైథాన్ ఫైల్ పక్కన వెతకదు, ఆ క్షణానికి ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో అక్కడ వెతుకుతుంది. ఎడిటర్‌లో రన్ నొక్కితే పనిచేసి, షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే "ఫైల్ దొరకలేదు" అనేది అందుకే. పాత్‌లిబ్ నుంచి పాత్ తెచ్చుకుని, దానికి డబుల్ అండర్‌స్కోర్ల మధ్య ఉండే ఫైల్ అనే వేరియబుల్ ఇచ్చి, రిజాల్వ్ చేసి, దాని పేరెంట్ ఫోల్డర్ నుంచి దారి కట్టండి. దీన్ని ఒక చిన్న ఫంక్షన్‌గా రాసి ఒకే చోట పెట్టుకోండి, ప్యాకింగ్ చేసే రోజున దీని విలువ తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం: క్యూఅప్లికేషన్ ఆబ్జెక్ట్ తయారు కాకముందు ఏ విడ్జెట్‌నూ పుట్టించకూడదు. ఫారం లోడ్ చేయడమంటే విడ్జెట్లు పుట్టించడమే కాబట్టి ఇదీ అందులోకే వస్తుంది.

బటన్లకు పని అప్పగించండి

దీనికీ రెండు పద్ధతులు. సెల్ఫ్ డాట్ సేవ్‌బటన్ డాట్ క్లిక్డ్ డాట్ కనెక్ట్ అని రాసి ఏ మెథడ్ నడవాలో చెప్పడం ఒకటి. ఆన్ అండర్‌స్కోర్ సేవ్‌బటన్ అండర్‌స్కోర్ క్లిక్డ్ అన్న పేరుతో మెథడ్ రాస్తే పైక్యూట్ తనంతట తానే కలిపేసుకోవడం ఇంకొకటి. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ నేను వాడను. ఫారంలో పేరు మారిన రోజు ఆ కలయిక చప్పుడు చేయకుండా తెగిపోతుంది. బటన్ ఉంటుంది, నొక్కితే ఏమీ జరగదు. మొదటి పద్ధతిలో అయితే అలాంటి పేరు లేదని విండో తెరిచేటప్పుడే అట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. నోరు మూసుకునే తప్పుకన్నా గోల చేసే తప్పు నయం.

రెండు పద్ధతులూ కలిపి వాడితే ఇంకా ముచ్చట. ఒకసారి ఎవరో మొదలుపెట్టిన ప్రోగ్రాంలో ఆన్ అండర్‌స్కోర్ సేవ్‌బటన్ అండర్‌స్కోర్ క్లిక్డ్ అన్న మెథడ్ కనిపిస్తే, దీన్ని ఎవరూ కనెక్ట్ చేయలేదే అనుకుని కనెక్ట్ లైను చేర్చాను. ఆ రోజు నుంచి ప్రతి రికార్డూ రెండుసార్లు సేవ్ అయింది. మీరు పేరు పద్ధతే వాడతానంటే సరే, మెథడ్ మీద పైక్యూట్‌స్లాట్ డెకరేటర్ తప్పకుండా పెట్టండి. క్లిక్డ్ సిగ్నల్‌కు (బటన్ నొక్కారని చెప్పే సంకేతానికి) రెండు రూపాలున్నాయి, టిక్ విలువతో (బటన్ టిక్ అయి ఉందా లేదా అన్నది) ఒకటి, లేకుండా ఒకటి. ఏది కావాలో చెప్పకపోతే ఒకే నొక్కుకు మెథడ్ రెండుసార్లు నడవొచ్చు.

మొదలవగానే పేర్లు సరిచూడండి

కంపైలర్ చేయని పని మనం చేయాలి అన్నాను కదా. విండో క్లాస్‌లో ఒక డిక్షనరీ పెట్టండి: ఎడమవైపు విడ్జెట్ పేరు, కుడివైపు దాని క్లాస్. సేవ్‌బటన్ అంటే క్యూపుష్‌బటన్, నేమ్‌ఎడిట్ అంటే క్యూలైన్‌ఎడిట్, అలా. లోడ్‌యుఐ అయిన వెంటనే ఆ జాబితా మీద తిరుగుతూ, ఒక్కోదానికి ఫైండ్‌చైల్డ్‌ను క్లాస్, పేరు ఇచ్చి పిలవండి. నన్ తిరిగొస్తే ఆ పేరును ఒక లిస్టులో వేసుకోండి. చివరికి లిస్టు ఖాళీగా లేకపోతే, ఏ ఫారంలో ఏయే పేర్లు లేవో అన్నీ కలిపి ఒకేసారి చెబుతూ ఎర్రర్ విసరండి. మొదటి తప్పు దగ్గరే ఆగితే ఒకటి సరిచేశాక మరొకటి, అది అయ్యాక ఇంకొకటి బయటపడుతూ ఉంటాయి.

మొత్తం పదీ పన్నెండు లైన్లు. క్లాస్ కూడా చూడటం వల్ల ఇంకో లాభం ఉంది. ఫారం గీసేవాళ్లు లైన్ ఎడిట్ తీసేసి అదే పేరుతో కాంబోబాక్స్ పెట్టినా పట్టుబడుతుంది.

దీనికి తోడు ఒక టెస్ట్ రాయండి: ఒక్కో విండో క్లాస్‌నూ వరసగా పుట్టించి, మూసేయడం. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. స్క్రీన్ లేని సర్వర్‌లో నడపాలంటే క్యూటి అండర్‌స్కోర్ క్యూపిఎ అండర్‌స్కోర్ ప్లాట్‌ఫామ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఆఫ్‌స్క్రీన్ అని విలువ ఇస్తే విండోలు కనిపించకుండానే తయారవుతాయి. నా సేవ్‌బటన్ అండర్‌స్కోర్ 2 కథ ఈ టెస్ట్ ఉండి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

ఒకే విండోలో చాలా పేజీలు ఉంటే

అన్నీ ఒకే ఫారంలో కుక్కకండి. మెయిన్ విండోలో ఒకసారికి ఒక పేజీనే చూపించే క్యూస్టాక్డ్‌విడ్జెట్ మాత్రం పెట్టి, ఒక్కో పేజీనీ వేరే డాట్ యుఐ ఫైల్‌గా, వేరే క్లాస్‌గా రాయండి. పేజీ ఫారాలు ఉత్త విడ్జెట్ రకానివై ఉండాలి. ఎవరైనా ఆ పేజీ అడిగినప్పుడు, అది డిక్షనరీలో ఉందా చూడండి. లేకపోతే లోడ్ చేసి, యాడ్‌విడ్జెట్‌తో స్టాక్‌లోకి చేర్చి, డిక్షనరీలో దాచండి. తర్వాత సెట్‌కరెంట్‌విడ్జెట్‌తో ముందుకు తెండి. మొదట్లోనే ముప్పై ఫారాలు చదవాల్సిన పని ఉండదు కాబట్టి ప్రోగ్రాం చప్పున తెరుచుకుంటుంది. పేజీని తీసేయాలంటే రిమూవ్‌విడ్జెట్ ఒక్కటే చాలదు, అది స్టాక్‌లోంచి తీస్తుందే గానీ పేజీని చంపదు. డిలీట్‌లేటర్ కూడా పిలిచి, డిక్షనరీలోంచి కూడా తీయండి.

పేజీ బటన్లను లూప్‌లో కనెక్ట్ చేసేటప్పుడు లాంబ్డాలో పేజీ పేరును డిఫాల్ట్ విలువగా ఇవ్వడం మామూలే. అక్కడ క్లిక్డ్ సిగ్నల్ తన టిక్ విలువను పంపిస్తుంది, అది మీ మొదటి ఆర్గ్యుమెంట్‌లో కూర్చుంటుంది. పేజీ పేరు రావాల్సిన చోట ఫాల్స్ వస్తుంది. లాంబ్డాలో మొదట చెక్డ్ అని ఒక ఆర్గ్యుమెంట్ వదిలేసి, రెండోదిగా పేరు పెట్టండి.

చిన్న డైలాగును షోతో చూపిస్తే, అది కనిపించీ కనిపించగానే మాయమైతే కంగారుపడకండి. ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్‌లో ఉంచారు, ఫంక్షన్ ముగియగానే పైథాన్ దాన్ని తుడిచేసింది. సెల్ఫ్‌లో దాచుకోండి, లేదా ఎగ్జెక్‌తో నడపండి.

మీ సొంత విడ్జెట్ ఫారంలోకి రావాలంటే

డిజైనర్‌కు మీ గ్రాఫ్ విడ్జెట్ తెలియదు. ఆ చోట మామూలు విడ్జెట్ ఒకటి పెట్టి, రైట్ క్లిక్ చేసి ప్రమోట్ టు ఎంచుకోండి. క్లాస్ పేరు దగ్గర మీ క్లాస్ పేరు, హెడర్ ఫైల్ దగ్గర ఆ క్లాస్ ఉన్న పైథాన్ మాడ్యూల్ పేరు ఇవ్వండి. లోడ్‌యుఐ ఆ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, మీ క్లాస్‌తోనే విడ్జెట్ కడుతుంది.

అంటే ఏమిటి? ఫారం ఫైల్‌లో రాసినదాన్నిబట్టి మీ ప్రోగ్రాం మాడ్యూళ్లు ఇంపోర్ట్ చేస్తోంది. ఫారం కేవలం బొమ్మ కాదు, ఎవరో పంపిన డాట్ యుఐ ఫైల్‌ను కళ్లు మూసుకుని లోడ్ చేయకూడదు. ఫారాలున్న ఫోల్డర్‌లో ఎవరు పడితే వాళ్లు రాయగలిగేలా వదలకూడదు.

పైసైడ్, సి ప్లస్ ప్లస్ వాళ్లకు

ఇక్కడ లోడర్ పేరు క్యూయుఐలోడర్. సి ప్లస్ ప్లస్‌లో దానికోసం యుఐటూల్స్ మాడ్యూల్‌ను లింక్ చేయాలి. ముఖ్యమైన తేడా ఒకటుంది. ఇది మీ ఆబ్జెక్ట్‌లోకి విడ్జెట్లు నింపదు, కొత్త విడ్జెట్ కట్టి చేతికిస్తుంది. దాన్ని మీరే ఒక లేఅవుట్‌లో పెట్టుకోవాలి, లోపలి బటన్లను ఫైండ్‌చైల్డ్‌తో మీరే వెతుక్కోవాలి. మీ క్లాస్‌లో క్లోజ్‌ఈవెంట్ రాసుకుని, లోడ్ అయిన విండోను నేరుగా చూపిస్తే ఆ క్లోజ్‌ఈవెంట్ ఎప్పటికీ నడవదు. మూతపడేది వేరే ఆబ్జెక్ట్ కదా.

సి ప్లస్ ప్లస్‌లో ఫైండ్‌చైల్డ్‌కు పేరు దొరక్కపోతే నల్ పాయింటర్ వస్తుంది, దాన్ని చూడకుండా వాడితే ప్రోగ్రాం అక్కడికక్కడే కూలుతుంది. పైన చెప్పిన సరిచూసే పని ఇక్కడ ఇంకా అవసరం. లోడ్ కూడా విఫలమైతే నల్లే ఇస్తుంది, కారణం ఎర్రర్‌స్ట్రింగ్‌లో ఉంటుంది. సొంత విడ్జెట్లుంటే లోడర్ నుంచి మీ క్లాస్ పుట్టించి క్రియేట్‌విడ్జెట్‌ను మళ్లీ రాయాలి. పైసైడ్‌లో అయితే రిజిస్టర్‌కస్టమ్‌విడ్జెట్ చాలు.

ప్యాక్ చేసి ఇచ్చేటప్పుడు

ప్రోగ్రాంను ప్యాకేజీగా కట్టే పైఇన్‌స్టాలర్ మీ కోడ్‌లో ఇంపోర్ట్‌లు చూసి ఫైళ్లు పోగేస్తుంది. డాట్ యుఐ ఫైల్‌ను ఎవరూ ఇంపోర్ట్ చేయరు కాబట్టి దానికి అవి కనిపించవు. యాడ్-డేటా ఆప్షన్‌తో ఫార్మ్స్ ఫోల్డర్‌ను అదే పేరుతో చేర్చండి. ఫైల్ దారి కట్టే ఫంక్షన్ పైన చెప్పినట్టు రాసుంటే ప్యాకేజీలోనూ అలాగే పనిచేస్తుంది. ప్రమోట్ చేసిన విడ్జెట్ల మాడ్యూళ్ల పేర్లు ఫారంలోనే ఉండి, కోడ్‌లో ఎక్కడా లేకపోతే అవి కూడా జారిపోతాయి. వాటికి హిడెన్-ఇంపోర్ట్ ఆప్షన్ ఇవ్వండి, లేదా కోడ్‌లో ఒక చోట మామూలుగా ఇంపోర్ట్ చేసి పడేయండి.

ఫారాలను వాడేవాళ్లే తర్వాత మార్చుకోవాలన్నది మీ ఉద్దేశమైతే మాత్రం వాటిని ప్యాకేజీ లోపల పెట్టకండి. ఒకే ఫైల్‌గా ప్యాక్ చేసినప్పుడు ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ లోపలివన్నీ ఒక టెంపరరీ ఫోల్డర్‌లోకి విప్పుతుంది, మూసేటప్పుడు తీసేస్తుంది. అందులో మార్పులు చేసినా నిలవవు. అప్పుడు ఫారాలను ఈఎక్స్‌ఈ పక్కన ఉంచి, దారిని సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ నుంచి కట్టాలి.

ఇచ్చేముందు ప్యాకేజీని పైథాన్ లేని ఒక మెషిన్‌లో, వేరే ఏదో ఫోల్డర్‌లోంచి నడిపి, ప్రతి పేజీనీ ఒకసారి తెరిచి చూడండి. ఎప్పుడో గానీ తెరవని ఆ స్క్రీన్‌తో సహా.